కొడవలి, మూడు చుక్కలు

మా జేజి (నాయనమ్మ) రాగి చెంబు బోర్లించి చూస్తే అడుగున ఒక కొడవలి, దాని కింద వరసగా మూడు చుక్కలు ఉంటాయి. చిన్న ఉలితో పక్కపక్కనే దెబ్బలు కొట్టుకుంటూ పోతే వచ్చిన గీత అది, వేలితో తడిమితే ఇప్పటికీ గరుగ్గా తగుల్తుంది, కొడవలి పిడి దగ్గర ఒక దెబ్బ కొంచెం పక్కకి జరిగింది కూడా. జేజికి చదువు రాదు కాబట్టి సామాన్ల మీద పేరు కొట్టించినా ఆమెకి ఉపయోగం లేదు, ఆమెకే కాదు, ఆ కాలంలో మా వీధిలో ఆడవాళ్ళలో చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మాది మడకశిర పక్కన పల్లె. పెండ్లయినా, దేవరయినా ఊర్లో గంగాళాలు, గుండిగలు, చెంబులు, తట్టలు అన్నీ ఒకరింటి నుంచి ఒకరింటికి పోయేవి. పని అయిపోయినాక అన్నీ తోమి వాకిట్లో కుప్ప పోసేవాళ్ళు, ఎవరో ఒక పెద్దామె ఆ కుప్ప ముందర కూర్చుని ఒక్కోటీ తిరగేసి గట్టిగా చెప్పేది: "చేప గుర్తుది! తాళంచెవి గుర్తుది! కొడవలి, మూడు చుక్కలు!" అప్పుడు మా జేజి లేచి పోయి తనది తెచ్చుకునేది.

ఆ చెంబు ఇప్పుడు బెంగళూరు కేఆర్ పురంలో మా ఫ్లాట్‌లో దేవుడి గూట్లో ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఆ గుర్తు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు, పోయిన జూన్ దాకా.

జూన్‌లో ఏమైందంటే, ఆరో క్లాసు చదివే మా పాపకి స్కూల్లో ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు, మీ ఫ్యామిలీకి ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్ డిజైన్ చేసుకుని రండి అని, అంటే డాలు మీద వేసుకునే వంశం గుర్తు. ఒక షీటు, దాని మీద నాలుగు గదులుగా విడదీసిన డాలు బొమ్మ, కింద ఒక పట్టీ. ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే నిజాయితీ, బంగారు రంగు అంటే దానగుణం, సింహం అంటే శౌర్యం, గుడ్లగూబ అంటే తెలివి, ఇలా ఒక ఇరవై దాకా ఉన్నాయి, మీ కుటుంబానికి సరిపోయేవి ఏరుకుని గదుల్లో వేయమన్నారు. పాప రంగు పెన్సిళ్ళు ముందర పెట్టుకుని చాలాసేపు కూర్చుని చివరికి నన్ను అడిగింది, "అమ్మా, మనకి ధైర్యం ఎక్కువా నిజాయితీ ఎక్కువా?" అని. నాకు నోట మాట రాలేదు. పదకొండేళ్ళ పిల్ల తన ఇంటివాళ్ళ గుణాలని మార్కెట్లో కూరగాయలు ఏరినట్టు ఏరాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. చివరికి ఒక గదిలో సింహం, ఒక గదిలో కిరీటం, ఒక గదిలో కత్తి, ఒక గదిలో పుస్తకం వేసి తీసుకుపోయింది. క్లాసులో ముప్పాతిక మంది పిల్లలు సింహమే వేశారని సాయంత్రం వచ్చి చెప్పింది. అందరి డాళ్ళ మీదా సింహమే ఉంటే ఏ డాలు ఎవరిదో ఎట్లా తెలుస్తుంది?

ఆ పట్టీ మీదే నా గొడవంతా. నేను లేబుళ్ళు డిజైన్ చేసే ఉద్యోగం చేస్తున్నా, ఊరగాయ సీసాలు, నూనె డబ్బాలు, అగరబత్తి ప్యాకెట్లు, పదహారేళ్ళుగా ఇదే పని, కాబట్టి ఒక గుర్తు ఎట్లా పనిచేస్తుందో నాకు కొంచెం తెలుసు అనుకుంటా. ఆ పట్టీ తప్పు. అందులో ఒకటో రెండో తప్పులున్నాయని కాదు, అసలు గుర్తుకి అర్థం ఎక్కడ్నుంచి వస్తుంది అన్న ఆలోచనే తలకిందులుగా ఉంది.

ఈ కోట్ ఆఫ్ ఆర్మ్స్ అనే పద్ధతి పుట్టింది 12వ శతాబ్దంలో, పశ్చిమ యూరప్‌లో. ఇనప శిరస్త్రాణాలు ముఖాన్ని కప్పేస్తుంటే యుద్ధంలోనూ టోర్నమెంటు పోటీల్లోనూ ఎవరు ఎవరో తెలియడానికి డాలు మీద ఒక గుర్తు వేసుకునేవాళ్ళు, అదే గుర్తు కవచం పైన తొడుక్కునే గుడ్డ మీద కూడా ఉండేది, తర్వాత కాయితాల మీద వేసే ముద్రల్లోకి వచ్చింది, కొడుకులకీ మనవళ్ళకీ పోయింది. టోర్నమెంట్లలో వచ్చినవాళ్ళ గుర్తులు చూసి వాళ్ళ పేర్లు గట్టిగా పిలవడానికి మనుషులుండేవాళ్ళు, వాళ్ళే హెరాల్డులు. ఇది చదివినప్పుడు నాకు మా వాకిట్లో గిన్నెలు తిరగేసి అరిచే పెద్దామె కళ్ళ ముందర కనిపించింది, నిజంగా, అదే పని కదా. ఇంగ్లండులో ఈ హెరాల్డులకి రిచర్డ్ 3 రాజు 1484లో ఒక సంస్థ పెట్టించాడు, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని, లండన్‌లో ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పటికీ కొత్తగా డాళ్ళు ఇస్తున్నారు.

రంగుకి ఒక గుణం, జంతువుకి ఒక గుణం అని పుస్తకాలు రాసిన మాట నిజమే, ఎరుపుకి ఫలానా గ్రహం, ఫలానా రత్నం అని కూడా రాశారు. అవన్నీ పద్ధతి బాగా స్థిరపడ్డాక తీరిగ్గా కూర్చుని అల్లినవి, ఈ విద్య తెలిసినవాళ్ళెవరూ వాటిని నియమాలుగా తీసుకోరు. ఐజాక్ న్యూటన్ డాలు చూడండి, నల్లటి డాలు మీద ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పెట్టిన రెండు తెల్లటి కాలి ఎముకలు. స్కూలు పట్టీ ప్రకారం దీనికేం అర్థం చెప్తాం? చావు అనా, సముద్రపు దొంగ అనా? న్యూటన్ తన వంశానిది అని చెప్పుకున్న గుర్తు అది, అంతే. షేక్‌స్పియర్ కుటుంబానికి 1596లో వచ్చిన డాలు మీద ఈటె ఉంటుంది, ఎందుకంటే వాళ్ళ పేరులో స్పియర్ ఉంది కాబట్టి, ఈటె అంటే పరాక్రమం అని కాదు. స్పెయిన్‌లో కాస్టిల్ రాజ్యానికి కోట, లియోన్ రాజ్యానికి సింహం, ఇవీ పేరుని బట్టే, వాళ్ళ భాషలో కోటకీ సింహానికీ ఉన్న మాటలు ఆ పేర్లలాగే ఉంటాయి. అంటే సింహం కూడా కొన్ని చోట్ల శౌర్యం వల్ల రాలేదు, అక్షరాల పోలిక వల్ల వచ్చి కూర్చుంది.

మరి గుర్తు పని ఏంటి అంటే, వేరుగా ఉండడం. మొట్టమొదటి పని అదే, మిగతావన్నీ తర్వాత. 1385లో ఇంగ్లండు రాజు సైన్యం స్కాట్లండు మీదికి పోయినప్పుడు స్క్రోప్ అనే ఆయనా గ్రోవ్‌నర్ అనే ఆయనా ఒకే గుర్తుతో కనిపించారు, నీలం డాలు మీద ఏటవాలుగా ఒక బంగారు పట్టీ. నాదంటే నాదని కోర్టుకెక్కారు. కేసు 1390 దాకా నడిచింది, వందలమంది సాక్ష్యం చెప్పారు, కవి చాసర్ కూడా వచ్చి చెప్పాడు. స్క్రోప్‌దే అని తేలింది, గ్రోవ్‌నర్‌ని చుట్టూ వెండి అంచు వేసి వాడుకోమన్నారు, రాజు అది కూడా కుదరదన్నాడు, ఎందుకంటే అంచు తేడా అనేది ఒకే రక్తసంబంధం ఉన్నవాళ్ళ మధ్య చూపించేది, బయటివాడికి అది చాలదు అని. చివరికి గ్రోవ్‌నర్ నీలం మీద బంగారు రంగు గోధుమ పన పెట్టుకున్నాడు. ఐదేళ్ళ కేసులో ఎవరూ నీలం అంటే ఏంటి, పట్టీ అంటే ఏంటి అని వాదించుకోలేదు. ఎవరు ముందు వాడారు, ఎవరు చూశారు, ఏ యుద్ధంలో చూశారు, ఇదే వాదన.

ఈ కేసు గురించి చదివిన రాత్రే నేను నాయనకి ఫోన్ చేసి అడిగా, జేజి చెంబు మీద ఆ మూడు చుక్కలు ఎందుకున్నాయి అని. నా మనసులో ఏవేవో ఉన్నాయి, ముగ్గురు కొడుకులేమో, ముగ్గురమ్మలేమో, మూడు పంటలేమో. నాయన చెప్పింది వేరే. "కొడవలి గుర్తు మన వీధిలో ముందే ఒకరికి ఉండె. మీ జేజి కాపరానికి వచ్చినప్పుడు సామాన్లు తెచ్చుకునింది కదా, గుర్తు కొట్టేవాడు కొడవలే కొడితే కలిసిపోతాయని కింద మూడు చుక్కలు పెట్నాడు" అన్నాడు. అంతే. మూడు చుక్కల రహస్యం అదే, పక్కింటి కొడవలితో కలిసిపోకుండా ఉండడం. ఇంగ్లండులో ఐదేళ్ళు నడిచిన తగువుని మా ఊర్లో గుర్తులు కొట్టే మనిషి మూడు దెబ్బల్లో తేల్చేశాడు. ఇంగ్లండు హెరాల్డ్రీలో, అంటే ఈ డాళ్ళ విద్యలో, దీనికొక పద్ధతే ఉంది, తండ్రి డాలే కొడుకులకి కూడా వస్తుంది గానీ పెద్ద కొడుకు పైన మూడు కాళ్ళ పట్టీ ఒకటి వేసుకోవాలి, రెండో కొడుకు నెలవంక వేసుకోవాలి, ఇట్లా ప్రతి మనిషిదీ కొంచెం తేడాగా ఉండాలి. డాలు మనిషిది, ఇంటిపేరుది కాదు. ఆన్‌లైన్‌లో మీ ఇంటిపేరు టైప్ చేస్తే మీ డాలు ప్రింటు చేసి ఫ్రేము కట్టి పంపిస్తాం అనేవాళ్ళు అమ్మేది ఎవరిదో ఒకరి గుర్తుని, అదే పేరున్న సంబంధం లేని ఇంకొకరికి.

నాకు హెరాల్డ్రీలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. అందులో అసలు గుర్తు బొమ్మ కాదు, మాట. డాలు మీద ఏముందో ఒక వాక్యంలో చెప్తారు, దాన్ని బ్లేజన్ అంటారు, నీలం మీద బంగారు ఏటవాలు పట్టీ, అయిపోయింది. ఆ వాక్యం విని వందమంది చిత్రకారులు వంద రకాలుగా గీయొచ్చు, ఒకడి నీలం ముదురుగా ఉండొచ్చు ఇంకొకడి పట్టీ లావుగా ఉండొచ్చు, అన్నీ సరైనవే, ఎందుకంటే మాట మారలేదు. "కొడవలి, మూడు చుక్కలు" అని ఆ పెద్దామె అరిచింది బ్లేజనే. అది విన్నవాళ్ళకి చెంబు కనిపించాల్సిన పనిలేదు, వెనక వరసలో కూర్చున్న మా జేజి చెవిన పడితే చాలు. అందుకే ఎవరైనా సొంత గుర్తు చేసుకోవాలనుకుంటే నేను ఒకటే చెప్తా, ఫోన్‌లో మీ అమ్మకో నాయనకో ఒక్క ముక్కలో చెప్పండి, వీడియో కాల్ వద్దు, వాళ్ళు విని గీయగలిగితే అది గుర్తు, లేకపోతే అది అలంకారం. పాప గీసిన నాలుగు గదుల డాలు నేను చెప్పి చూశా నాయనకి, కిరీటం దగ్గరికి వచ్చేసరికి "ఎవురిది కిరీటం?" అన్నాడు.

ఈ సంగతి మనకి కొత్త కాదు. తెలుగువాళ్ళలో పౌరాణిక నాటకం చూసినవాళ్ళందరికీ తెలుసు, విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం. అర్జునుడు కౌరవ సైన్యాన్ని ఉత్తరుడికి చూపిస్తాడు. ఉత్తరుడు ఎన్నడూ వాళ్ళని చూసినవాడు కాదు, దూరంగా దుమ్ములో రథాలు, ముఖాలు ఆనవు. అప్పుడు తిక్కన గారు అర్జునుడి చేత జెండాలు చెప్పిస్తారు. బంగారు వేదిక ద్రోణుడు, సింహం తోక అశ్వత్థామ, బంగారు ఎద్దు కృపుడు, శంఖం కర్ణుడు, మణుల పాము దుర్యోధనుడు, తాటిచెట్టు సిడం ఉన్నాయన భీష్ముడు, గుర్తు పెట్టుకుని చూసుకో అంటాడు. 13వ శతాబ్దపు పద్యం అది, అక్కడ యూరప్‌లో హెరాల్డులు డాళ్ళ పట్టీలు రాసుకుంటున్న కాలం. మా నాయన ఈ పద్యం రాగం తీసి పాడతాడు, కాంచనమయ వేదికా అని ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడతారు. నేను అడిగేది ఏంటంటే, తాటిచెట్టు అంటే ఏ గుణం? సింహం తోక అంటే ఏ గుణం? తోక ఒక్కటే ఎందుకు, సింహం మొత్తం ఎందుకు లేదు? తిక్కన చెప్పలేదు, అర్జునుడు చెప్పలేదు, ఉత్తరుడు అడగలేదు. కానీ తాటిచెట్టు అనగానే మనకి తాత గుర్తొస్తాడు, ఆయన పట్టిన పట్టూ పడుకున్న అంపశయ్యా గుర్తొస్తాయి. ఆ బరువంతా ఆయన బతుకులోంచి చెట్టులోకి పోయింది, చెట్టులోంచి ఆయనకి వచ్చింది కాదు.

నేను ఇంత పట్టుబట్టి చెప్పేది ఇదే. అర్థం ముందు ఉండదు. గుర్తు ముందు వస్తుంది, దాన్ని పట్టుకున్నవాళ్ళు ఏం చేశారో అది మెల్లమెల్లగా అందులోకి దిగుతుంది.

బెంగళూరులో ఉండేవాళ్ళకి దీనికి రుజువు రోజూ కళ్ళ ముందర కనిపిస్తూనే ఉంటుంది. గండభేరుండం, రెండు తలల పక్షి. ఇక్కడి ఏ ప్రభుత్వ కాయితం మీద చూసినా ఎర్ర డాలులో ఉంటుంది, అటూ ఇటూ ఏనుగు తొండంతో సింహం లాంటి జంతువులు, పైన అశోకుడి సింహాలు. ఆ పక్షి విజయనగరం అచ్యుతరాయల నాణేల మీద ఉంది, తర్వాత మైసూరు ఒడెయార్లది అయ్యింది, ఇప్పుడు కర్ణాటకది. రాయల నాణెం పట్టుకున్నవాడికి అది ఒక రాజు బలం, మైసూరు మనిషికి దసరా, నాకు మాత్రం మొదటిసారి హిందూపురం నుంచి బస్సులో వచ్చి మెజెస్టిక్‌లో దిగి ఆఫీసు బోర్డు మీద దాన్ని చూసి "వేరే రాష్ట్రానికి వచ్చేశా" అనుకున్న రోజు. మన వరాహం కూడా అంతే, బాదామి చాళుక్యులది, వేంగి చాళుక్యులది, కాకతీయులూ వాడారు, విజయనగరమూ వాడింది, వాడగా వాడగా నాణేనికే వరహా అని పేరు పడిపోయింది, ఇప్పుడు వరహా అంటే ఎవరికీ పంది గుర్తుకు రాదు, బంగారం గుర్తుకొస్తుంది. అర్థం అట్లా తిరుగుతుంది, దాన్ని ఒక పట్టీలో కట్టేయలేం.

ఎన్నికల గుర్తులు ఇంకా దగ్గరి ఉదాహరణ. 1951-52లో మొదటి ఎన్నికలప్పుడు ఎక్కువమంది ఓటర్లకి చదువు రాదని గుర్తులు పెట్టారు, అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఇప్పటికీ ఇండిపెండెంట్లకి ఇచ్చేవాటిలో కుట్టుమిషను ఉంటుంది, గ్యాస్ సిలిండరు ఉంటుంది. గుర్తు దొరికినాయన దాని అర్థం వెతుక్కోడు, ఆ గుర్తు ఊరంతటికీ తెలిసేలా తిరుగుతాడు. మా జేజి ఓటేసింది గుర్తు చూసే, చెంబు తెచ్చుకుంది గుర్తు చూసే.

నాతో పనిచేసే ఒకామె, తెలుగావిడే, నెల్లూరు, ఇదంతా విని ఒక మాట అంది, ఇది రాజుల పిచ్చి, జమీందారుల పిచ్చి, మనకెందుకక్కా అని. ఇంకో మాట కూడా అంది, అది ఇంకా పదునైంది: మన దగ్గర ఇంటి గుర్తు అంటే చివరికి కులం గుర్తే అవుతుంది అని. మొదటిదానికి జవాబు నాకు సులభంగానే దొరికింది. యూరప్‌లోనే స్విట్జర్లండు లాంటి చోట్ల రైతు కుటుంబాలకీ డాళ్ళున్నాయి, ఉత్తరాన స్వీడన్ వైపు రైతులు పనిముట్ల మీద ఇంటి గుర్తు గీసుకునేవాళ్ళు, సంతకం రానివాళ్ళు కాయితాల మీద అదే గీసేవాళ్ళు. మరాఠీ దేశంలో పాత కాయితాల్లో రైతు సంతకం బదులు నాగలి బొమ్మ ఉండేది. జపాన్‌లో కుటుంబాలకి ఇంటి గుర్తులుంటాయి, చాలావరకు గుండ్రటివి, మిత్సుబిషి కంపెనీ మూడు వజ్రాలు రెండు కుటుంబాల గుర్తులు కలిపి చేసినవే. కాబట్టి రాజులది మాత్రమే అనడం సరికాదు. మన సంస్థానాధీశులకి యూరప్ పద్ధతి డాళ్ళున్న పట్టు జెండాలు వచ్చింది మాత్రం పైనుంచే, 1877 ఢిల్లీ దర్బారుకి రాబర్ట్ టేలర్ అనే ఇంగ్లీషు ఆఫీసరు డిజైన్ చేసి ఇచ్చాడు, చేప ఎక్కడ పెట్టాలో ఏనుగు ఎక్కడ పెట్టాలో అన్నీ అతనే. అవి మన చెంబుల మీది గుర్తుల లాంటివి కావు, ఎవరో పైనుంచి తగిలించినవి.

రెండో మాటకి జవాబు చెప్పడం కష్టం, చెప్పకుండా దాటేయడం ఇష్టం లేదు. ఆమె చెప్పింది నిజం. తెలుగులో డాళ్ళు చేయాలంటే ఇంటిపేర్లే పెద్ద గని, గుర్రం, ఏనుగు, పులి, నక్కా, మేకా, కత్తి, గంటా, తోట, కొండా, మిరియాల, పసుపులేటి, షేక్‌స్పియర్ ఈటె లాగా ప్రతి ఇంటిపేరూ ఒక బొమ్మ. మొదట నాకూ ఆశ పుట్టింది. కానీ ఈ ఊర్లో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు నా ఇంటిపేరు ఎందుకు అడుగుతారో నాకు తెలుసు, చెప్పగానే వాళ్ళ ముఖంలో వచ్చే మార్పు కూడా తెలుసు, కొంతమంది దగ్గరికి జరుగుతారు, కొంతమంది జరగరు. ఆ పేరుని బొమ్మగా గీసి గోడకి తగిలిస్తే అడక్కుండానే చెప్పినట్టు అవుతుంది. పైగా ఇంటిపేరు కస్తూరివారు ఇల్లంతా గబ్బిలాల వాసన అని మనవాళ్ళు ఊరికే అన్లేదు, పేరులో ఉన్నది ఇంట్లో ఉంటుందని నమ్మకం లేదు. అందుకే నేను ఇంటిపేరు వదిలేశా. జేజి గుర్తు ఇంటిపేరుది కాదు, కులానిది కాదు, మా వీధిలో చేప గుర్తువాళ్ళూ తాళంచెవి గుర్తువాళ్ళూ కొడవలి గుర్తువాళ్ళూ అందరూ ఒకే రకం మనుషులు, గుర్తులే వేరు. ఆ గుర్తు మా తాతది కూడా కాదు, ఇంకో ఇంటి నుంచి వచ్చిన ఒక ఆడమనిషిది, ఆమె సామాన్లది. ఇంగ్లీషు పద్ధతిలో ఆడవాళ్ళకి డాలు కూడా ఇవ్వలేదు చాలాకాలం, వజ్రం ఆకారంలో గీయమన్నారు. మా ఇంట్లో మాత్రం గుర్తు వచ్చిందే ఆమె వైపు నుంచి, నాకు దీంట్లో చాలా సంతోషం ఉంది.

అయితే ఒక్క మాట ఒప్పుకుంటా, మా వీధి ఒక వీధి. ఊర్లో ఇంకో వైపు ఉన్నవాళ్ళ చెంబులు మా వాకిట్లో కుప్పలోకి ఎప్పుడూ రాలేదు. అది నేను చిన్నప్పుడు గమనించలేదు, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

పాపా నేనూ కలిసి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాం, స్కూలు కోసం కాదు, ప్రాజెక్ట్ అప్పటికే అయిపోయింది. తను మొదట తెల్లటి డాలు మీద బంగారు రంగు కొడవలి వేసింది, దగ్గరగా చూస్తే చాలా అందంగా ఉంది. నేను దాన్ని ఎ4 సైజులో ప్రింటు తీసి కింద పార్కింగ్‌లో ఒక పిల్లర్‌కి అతికించి ఇద్దరం ముప్ఫై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాం. కొడవలి మాయమైపోయింది, ఉత్త తెల్ల కాయితం కనిపించింది. లేబుళ్ళలో మాకు ఇది మొదటి పాఠం, తెలుపు మీద పసుపు షెల్ఫులో కనపడదు. హెరాల్డ్రీలో ఇదే నియమం ఎప్పట్నుంచో ఉంది, పసుపూ తెలుపూ లోహాలు అంటే బంగారం వెండి, ఎరుపు నీలం నలుపు ఆకుపచ్చ ఊదా ఇవి రంగులు, లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు. జెరూసలేం రాజ్యం వెండి మీద బంగారు శిలువలు వేసి దీన్ని దాటింది, అందుకే ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. రెండోసారి నేను ఎర్ర డాలు పెట్టమన్నా, మా వైపు నేల ఎర్రగా ఉంటుంది, జేజి మడమలు ఎప్పుడూ ఎర్రటి దుమ్ముతోనే ఉండేవి. ఎర్రటి డాలు మీద తెల్ల కొడవలి. పిల్లర్ మీద అద్భుతంగా కనిపించింది. అప్పుడే బండి తీయడానికి వచ్చిన కింది ఫ్లోర్ అంకుల్ చూసి, "ఏమ్మా, పార్టీలో చేరారా?" అని అడిగారు. ఆయన తప్పు కాదు. ఎరుపు మీద కొడవలి అంటే ఇంకెవరిదో ఇప్పటికే అందరికీ తెలిసిపోయింది, ఒక శతాబ్దం పాటు లక్షలమంది పట్టుకుని నడిచిన గుర్తు అది, నా జేజి మడమలు దాని ముందర నిలబడవు. ఇంకొకరిది అయిపోయింది కాబట్టి మనం తేడా పెట్టుకోవాలి, గుర్తు కొట్టేవాడు మూడు చుక్కలు పెట్టినట్టు.

అశోకుడి సింహాలు వేసుకుందామా అని కూడా ఒకసారి అడిగింది పాప, ముందే వద్దన్నా, అది దేశానిది, 2005 నుంచి చట్టమే ఉంది, మామూలు మనుషులు వాడుకోకూడదు.

ఆకుపచ్చ దగ్గర ఆగాం. చెనిక్కాయ చేను ఆకుపచ్చ అని పాప అంది, నేను సరిచేశా, చెనిక్కాయ చెట్లని చేత్తో పీకుతారు, కొడవలితో కోసేది రాగి, కొర్ర, పశువులకి గడ్డి. జేజి పొద్దున సంగటి తిని కొడవలి నడుముకి చెక్కుకుని పోయేది, సాయంత్రం గడ్డిమోపుతో వచ్చేది, వచ్చీ రాగానే కొడవలిని చూరులో గుచ్చేది, పిల్లలకి అందకుండా. ఇవన్నీ పాపకి చెప్తూ ఉంటే తను గీయడం ఆపేసి వింది. ఆ స్కూలు పట్టీ వల్ల ఈ మాటలు వచ్చేవి కావు. ఆకుపచ్చ అంటే ఆశ అని రాసుంది అందులో, తను ఆకుపచ్చ అని చదివి ఆశ అని రాసుకుని ఊరుకునేది. చివరికి కుదిరింది ఇది: ఆకుపచ్చ మీద తెల్ల కొడవలి, కింద మూడు బంగారు చుక్కలు. ముప్ఫై అడుగుల నుంచి కొడవలీ కనిపించింది, చుక్కలు మూడూ లెక్కపెట్టగలిగాం.

ఇంకొక సంగతి మిగిలింది. ఇది జేజిది, జేజి తర్వాత నాయనది, నాది. పాపది అంటే కొంచెం తేడా ఉండాలి కదా అని అడిగా. తను ఎక్కువ ఆలోచించలేదు, నడిమి చుక్కని నింపకుండా సున్నా లాగా వదిలేసింది. ఎందుకట్లా అని అడగబోయి ఆపుకున్నా. అడిగితే ఏదో ఒక గుణం వెతికి చెప్తుంది, ధైర్యం అనో ఇంకోటి అనో. ఆ సున్నాలో ఏం పడాలో తను బతికి వేసుకుంటుంది.

పోయిన ఆదివారం చిక్కపేటలో స్టీలు సామాన్ల కొట్టు దగ్గరికి పోయాం, బయట చిన్న బల్ల వేసుకుని పేర్లు కొట్టే మనిషి ఉంటాడు, కరెంటు సూది. పాప లంచ్ బాక్స్ ఇచ్చి పేరు ఏం కొట్టాలని అడిగితే కాయితం చూపించాం. ఆయన బాక్సు బోర్లించి, ముందు చుక్కలు రెండూ సున్నా ఒకటీ పెట్టేసి, తర్వాత కొడవలి గీశాడు, సూది బర్రుమంటుంటే పాప చెవులు మూసుకుని కళ్ళు మాత్రం అక్కడే పెట్టింది. ఇంటికొచ్చి చెంబు పక్కన పెట్టి చూస్తే కొడవలి వంపు అటుది ఇటు తిరిగుంది, జేజిది కుడివైపుకి, ఇది ఎడమవైపుకి. పాప ముఖం చిన్నబోయింది. నాయనకి ఫోన్ చేసి తననే మాట్లాడమన్నా.

"తాతా, కొడవలి ఉల్టా కొట్టినాడు."

"కొడవలే గదా?"

"ఆ."

"చుక్కలు మూడు ఉండాయా?"

"ఉన్నాయి, నడిమిది మాత్రం బోలు."

"బోలుగా ఉంటే అది నీది" అన్నాడు నాయన, "మాదాంట్లో కలవదులే."